పసిబిడ్డను పడుకోబెట్టడం ఎలా: వెల్లకిలా, విడిగా, ఏమీ లేని పక్క మీద

మా పెద్దవాడికి అప్పుడు నలభై రోజులు. పుట్టింట్లో ఉన్నాను. ఏప్రిల్ ఎండ. మా అమ్మ తన పాత నూలు చీరతో దూలానికి ఉయ్యాల కట్టింది. నాలుగు ఊపులు ఊపేసరికి వాడు నిద్రపోయాడు, ఇల్లంతా సద్దుమణిగింది. అరగంట పోయాక ఎందుకో చీర అంచు జరిపి లోపలికి చూశాను. వాడి గడ్డం గుండెకి ఆనుకుని ఉంది. మెడ మడత పడిపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా గురగుర. పెదాల చుట్టూ రంగు కాస్త తగ్గినట్టు కనిపించింది. గబుక్కున ఎత్తుకుని మెడ సరిచేస్తే, ఒక్కసారి గట్టిగా గాలి పీల్చుకుని ఏడుపు అందుకున్నాడు.

వాడికి ఏమీ కాలేదు. కానీ ఆ రోజుతో మా ఇంట్లో పసిబిడ్డలు పడుకునే పద్ధతి మారింది. ఆ తర్వాత మా చెల్లి కాన్పుకి, మా ఆడపడుచు కాన్పుకి పక్క నేనే సర్దాను. ఎలా సర్దాలో, ఏది తీసేయాలో, పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో ఇక్కడ చెబుతాను.

ముందుగా ఒక్క విషయం. పసిబిడ్డకి తల బరువు, మెడకి బలం లేదు. ముక్కు మీద గుడ్డ పడితే తీసుకోలేదు, మెడ వంగితే సరిచేసుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ నిద్రలోనే, కారణం తెలియకుండా చనిపోతే డాక్టర్లు దాన్ని సిడ్స్ అంటారు. ఇది ఎక్కువగా ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య జరుగుతుంది. పదింట తొమ్మిది ఆరు నెలల లోపే. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో ‘బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి’ అని ఊరూరా ప్రచారం చేశారు. అమెరికాలో ఆ తర్వాత కొన్నేళ్లకే ఈ మరణాలు సగం దాకా తగ్గాయి. మందు లేదు, మిషను లేదు. పడుకోబెట్టే తీరు మార్చారు, అంతే.

1. కాన్పుకి ముందే చోటు చూసుకోండి

బిడ్డ అమ్మ ఉన్న గదిలోనే, అమ్మ చెయ్యి చాస్తే అందేంత దూరంలో, కానీ తన పక్క మీద తను పడుకోవాలి. కనీసం ఆరు నెలలు ఇలాగే. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది.

తొట్టి కొనలేకపోతే టెన్షన్ పడకండి. మన ఇళ్లలో నేల ఉంది. నేల మీద చాప, దాని మీద గట్టిగా మడిచిన పల్చటి బొంత, మీద బిగుతుగా పరిచిన నూలు గుడ్డ. నా దృష్టిలో ఇంతకంటే మంచి పక్క లేదు, కింద పడే భయం కూడా లేదు. మనుషులు నడిచే దారిలో వేయకండి. గోడకి మరీ ఆనించకండి, చీమలు వస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలు, కుక్క, పిల్లి ఉంటే బిడ్డను ఒంటరిగా వదలకండి.

నులక మంచం, నవారు మంచం వద్దు. నడుమ కుంగుతాయి, బిడ్డ ఆ గుంటలోకి దొర్లుతుంది. పెద్దల మంచం మీద ఒక్కదాన్నే పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్లడం అంతకంటే ప్రమాదం. మంచానికీ గోడకీ మధ్య సందులో బిడ్డ ఇరుక్కుంటుంది.

2. పక్క మీద ఉన్నవన్నీ తీసేయండి

మనకి ప్రేమ అంటే మెత్తదనం. బారసాలకి వచ్చిన ప్రతి ఒక్కరూ మెత్తటి పరుపు, చిన్న దిండు, రెండు పక్కల గుండ్రటి దిండ్లు ఉన్న సెట్టు తెస్తారు. గొడుగులా తెరుచుకునే దోమతెర వరకూ ఉంచుకోండి. దిండు, పక్క దిండ్లు, బొమ్మలు, మెత్తటి దుప్పటి అన్నీ అలమరలోకి. ఏడాది దాకా బిడ్డకి దిండుతో పని లేదు.

పరుపు సరైనదో కాదో తెలుసుకోవడానికి అరచేత్తో గట్టిగా నొక్కి తీయండి. గుంట అలాగే ఉండిపోతే అది పసిబిడ్డ పరుపు కాదు. మొహం అటు తిరిగితే ముక్కు ఆ గుంటలో కూరుకుపోతుంది. రబ్బరు షీటు వేస్తే దాని మీద గుడ్డ ముడతలు పడకుండా నాలుగు వైపులా కిందికి దోపండి.

ఆవాల దిండు గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే దాదాపు ప్రతి ఇంట్లో కుడతారు. తల గుండ్రంగా రావాలని. కుట్టు ఊడితే ఆవాలు బిడ్డ నోట్లోకి, ముక్కులోకి పోతాయి. కుట్టు ఊడకపోయినా అది దిండే, గడ్డాన్ని గుండె మీదికి వంచుతుంది. తల ఒక వైపు చదునవుతోందనిపిస్తే వేరే దారి ఉంది. ఈ రాత్రి తల తూర్పు వైపు పెట్టి పడుకోబెడితే రేపు పడమర వైపు. బిడ్డ వెలుతురు వైపో, అమ్మ వైపో మొహం తిప్పుతుంది కాబట్టి ఒత్తిడి మారుతూ ఉంటుంది. దాంతో పాటు మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, రోజులో కొంచెం కొంచెంగా బోర్లా వేయండి. మొత్తం కలిపి అరగంట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మొదట్లో రెండు నిమిషాలకే ఏడుస్తారు, పర్వాలేదు. మెడ గట్టిపడేది దీంతోనే.

3. ప్రతి నిద్రకీ వెల్లకిలా

రాత్రికే కాదు, పగటి కునుక్కి కూడా. ఇక్కడే అమ్మమ్మలకి, నాయనమ్మలకి భయం. ‘వెల్లకిలా వేస్తే పాలు కక్కుకుని పొలమారుతుంది’ అంటారు. వాళ్ల భయం ప్రేమలోంచి వచ్చిందే కాబట్టి కొట్టిపారేయకుండా చూపించి చెప్పండి.

మీ గొంతు ముందు భాగం మీద వేలు పెట్టండి. గట్టిగా తగిలేది గాలి గొట్టం. ఆహారం వెళ్లే గొట్టం దాని వెనక ఉంటుంది. బిడ్డ వెల్లకిలా పడుకుంటే గాలి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి. కడుపులోంచి పాలు పైకి వచ్చినా గాలి గొట్టంలోకి పోవాలంటే ఎత్తుకి ఎక్కాలి. అదే బోర్లా వేస్తే గాలి గొట్టం కిందికి వస్తుంది, పాలు అటే జారతాయి. మా అమ్మకి ఇలా గొంతు మీద వేలు పెట్టించి చెప్పాకే నమ్మింది.

పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టి వీపు వెనక చుట్టిన గుడ్డ పెట్టడం కూడా వద్దు. ఆ స్థితిలోంచి బిడ్డ బోర్లా పడిపోవడం చాలా తేలిక. ‘బోర్లా వేస్తే హాయిగా పడుకుంటాడు’ అన్నది మాత్రం నిజమే. ఆ గాఢ నిద్రే ప్రమాదం. ఊపిరి అందనప్పుడు ఉలిక్కిపడి లేవాల్సిన బిడ్డ లేవలేకపోతుంది. నూనె రాసి, నలుగు పెట్టి, వేడి నీళ్లు పోసిన తర్వాత వచ్చే నిద్ర కూడా అంత గాఢంగానే ఉంటుంది. స్నానం తర్వాత నిద్రకి ఇంకాస్త జాగ్రత్తగా ఉండండి.

4. ఉయ్యాల, తొట్టెల: ఎంతవరకు?

బారసాల రోజు ఉయ్యాలలో వేసి పాట పాడటం, తెలంగాణలో తొట్టెల పండుగ చేయడం ఆపాల్సిన పని లేదు. అందరూ చుట్టూ ఉన్న ఆ కాసేపు బిడ్డ మన కళ్ల ముందే ఉంటుంది. అది అసలు నిద్రపోయే చోటు కాకూడదన్నదే నా మాట. చీర ఉయ్యాల అడుగు వంపు తిరిగి ఉంటుంది, వీపు గుండ్రంగా వంగుతుంది, గడ్డం గుండెకి తగులుతుంది. చీర రెండు అంచులు దగ్గరికి వచ్చి మొహం మూసుకుపోతుంది. స్ప్రింగు ఉయ్యాలదీ ఇదే కథ.

ఏడుపు ఆపడానికి ఉయ్యాల ఊపాల్సి వస్తే చీర అంచుల్ని విడదీసి ఉంచే చెక్క పుల్ల మధ్యలో పెట్టి మొహం కనబడేలా ఉంచండి. పక్కనే కూర్చోండి. కళ్లు మూతలు పడగానే తీసి చదును పక్క మీద వెల్లకిలా వేయండి. లేచిపోతుందని భయపడతారు. ముందు పిరుదులు, తర్వాత వీపు, చివరికి తల ఆనించి, ఛాతీ మీద అరచెయ్యి ఒక నిమిషం అలాగే ఉంచి చూడండి. పదిసార్లలో ఏడు సార్లు లేవరు, ఇది నా చేతి లెక్క.

పని అయ్యాక ఉయ్యాల విప్పేసి చీర మడిచిపెట్టండి. వేలాడే చీర ఉయ్యాలలో గిరగిరా తిరుగుతూ ఆడిన పెద్ద పిల్లలకి అది మెడకి చుట్టుకున్న వార్తలు పేపర్లలో ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

విదేశాల్లో ఉన్నవాళ్లు వాలుగా ఉండే కుర్చీ పరుపులు, కారు సీటు విషయంలో ఇదే గుర్తుపెట్టుకోండి. అమెరికాలో 2022లో వచ్చిన చట్టం 10 డిగ్రీల కంటే వాలు ఉన్న పసిపిల్లల పరుపుల్నీ, తొట్టి చుట్టూ కట్టే మెత్తల్నీ అమ్మకుండా నిషేధించింది. ప్రయాణంలో కారు సీటు తప్పనిసరి. ఇంటికి చేరాక నిద్ర చెడుతుందని అందులోనే వదిలేయకండి.

5. రాత్రి పాలిచ్చేటప్పుడు

తల్లిపాలు తాగే బిడ్డలకి సిడ్స్ ముప్పు తక్కువ. కాబట్టి రాత్రి పాలు మానొద్దు. ఎక్కడ కూర్చుని ఇస్తున్నారన్నది చూసుకోవాలి. సోఫా, దివాన్, వాలు కుర్చీ అన్నిటికంటే ప్రమాదం. మూడు రోజులుగా నిద్ర లేని తల్లి అక్కడ కునుకు తీస్తే బిడ్డ మెత్తల మధ్యకి జారిపోతుంది. నిద్ర వచ్చేలా ఉంటే సోఫా మీద కంటే చదునైన పక్క మీదే ఇవ్వండి.

పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా పది పదిహేను నిమిషాలు నిలువుగా ఎత్తుకోండి. తర్వాత తన పక్క మీదికి. పాల సీసాని దిండుకి ఆనించి బిడ్డ నోట్లో పెట్టి వెళ్లడం ఎప్పుడూ చేయకండి.

మన తల్లుల్లో చాలామంది బిడ్డను పొదువుకునే పడుకుంటారు, నాకు తెలుసు. విడి పక్కే మేలు. అయినా ఏదో ఒక రాత్రి ఒకే పక్క మీద పడుకోవాల్సి వస్తే ఇవి మాత్రం దాటొద్దు. ఇంట్లో ఎవరైనా సిగరెట్, బీడీ కాల్చినా, పక్కన పడుకునేవాళ్లు మందు తాగినా, మత్తు వచ్చే మాత్రలు వేసుకున్నా బిడ్డను పక్కలో వేసుకోకూడదు. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన మాత్రల్లో నిద్ర తెచ్చేవి ఉన్నాయేమో డాక్టర్‌ని అడగండి. 37 వారాల లోపు పుట్టిన బిడ్డ, రెండున్నర కిలోల లోపు ఉన్న బిడ్డ, నాలుగు నెలలు నిండని బిడ్డ అయితే అసలే వద్దు. మిగతా బిడ్డల్ని కూడా నేల పక్క మీదే, అమ్మకి బయటి వైపే పడుకోబెట్టాలి. అమ్మానాన్నల మధ్య వద్దు, అన్న అక్కల పక్కన వద్దు. చున్నీ తీసేయండి, కొంగు నడుముకి దోపండి, జడ ముడి వేసుకోండి. మీ దుప్పటి బిడ్డ మీదికి రాకూడదు. మెలకువ రాగానే బిడ్డను తన పక్క మీదికి మార్చండి.

తండ్రులకి ఒక మాట. రాత్రి రెండు గంటల పాలు అయ్యాక తేన్పు తీయించి పడుకోబెట్టే పని మీరు తీసుకోండి. తల్లి ఆ అరగంట ముందు నిద్రపోతే బిడ్డకి కూడా అది రక్షణే.

6. వేడి, గాలి, బట్టలు

బాలింత గది అనగానే కిటికీలు మూసేసి, బిడ్డకి ఉన్ని టోపీ, సాక్సులు, చేతులకి సంచులు, మీద రెండు దుప్పట్లు. మేలో రామగుండంలో, రెంటచింతలలో కూడా ఇదే తంతు. ఒళ్లు వేడెక్కడం పసిబిడ్డ నిద్రకి పెద్ద ముప్పు. తల ద్వారానే బిడ్డ ఒంటి వేడి చాలా వరకు బయటికి పోతుంది, నిద్రలో టోపీ ఆ దారి మూసేస్తుంది, జారి ముక్కు మీదికి కూడా వస్తుంది. పుట్టిన మొదటి రోజుల్లో, బరువు తక్కువ బిడ్డలకి డాక్టర్లు టోపీ పెట్టమంటే, గుండెకి ఆనించుకోమంటే అది వేరే సంగతి, వాళ్లు చెప్పినన్ని రోజులు అలాగే చేయండి.

చేతులు, కాళ్లు చల్లగా తగిలితే కంగారు పడకండి, పసిబిడ్డకి అది మామూలే. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. చెమ్మగా, వేడిగా ఉంటే ఒక బట్ట తీసేయండి. ఎండాకాలం పల్చటి నూలు చొక్కా చాలు. ఫ్యాను తిరగొచ్చు. ఏసీ ఉంటే 25, 26 దగ్గర పెట్టి, గాలి నేరుగా మొహానికి తగలకుండా చూసుకోండి. చలికాలం దుప్పటి బదులు ఇంకో చొక్కా తొడగండి.

పొత్తిగుడ్డలో చుడితే ఛాతీ దగ్గర మీ రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. గుడ్డ భుజాలు దాటి పైకి రాకూడదు. కాళ్లు కప్పలా మడుచుకుని కదిలేలా వదలండి, కర్రలా చాచి కడితే తుంటి కీళ్లు దెబ్బతింటాయి.

7. పొగ వద్దు

దీని మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. బిడ్డ ఉన్న గదిలో పొగ అంటే ఏ పొగైనా పొగే. సాంబ్రాణి, అగరొత్తి, దోమల చుట్ట, సిగరెట్. ఒక్క దోమల చుట్ట కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ఒక పరిశోధనలో తేలింది. దోమతెర ఉండగా అది ఎందుకు? తెర అంచులు పక్క కిందికి బిగించి దోపండి, వేలాడే అంచు బిడ్డ చేతికి అందకూడదు.

బాలింత మంచం కింద కుంపటి పెట్టి తలుపులు మూయడం ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. బొగ్గుల నుంచి వచ్చే విష వాయువుకి వాసన లేదు, రంగు లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ నిద్రలోనే పోతారు. కుంపటి గది బయటే ఉండాలి.

దిష్టి తాడు, పూసల దండ, పులిగోరు మెడలో ఉంటే పడుకునే ముందు తీసేయండి. మొలతాడు ఉండొచ్చు, వదులుగా వేలాడకూడదు. పిన్నీసులు పక్క దరిదాపుల్లో ఉండకూడదు. తల కింద ఇనుప ముక్క పెట్టే ఆచారం ఉంటే అది అమ్మ మంచం కింద పెట్టుకోమనండి.

నిద్ర పట్టడానికి జాజికాయ అరగదీసి నాకించడం, దగ్గు మందు చుక్కలు వేయడం, నల్లమందు అసలే వద్దు. ఆ మత్తు బిడ్డ ఊపిరిని కూడా మందగింపజేస్తుంది. డాక్టర్ చెబితే తప్ప, ఆరు నెలల దాకా తల్లిపాలు కాక ఇంకేదీ నోట్లోకి వెళ్లకూడదు. రాత్రి ఏడవడం పసిబిడ్డల లక్షణం. మూడు నెలల లోపు బిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కానీ ముక్కలు ముక్కలుగా.

8. పెద్దవాళ్లతో

‘మేం నలుగురిని పెంచలేదా?’ అన్న మాట ప్రతి ఇంట్లో వస్తుంది. ఎదురు చెబితే పని కాదు. మా అత్తగారికి నేను ఒక పని అప్పగించాను: ‘అత్తయ్యా, రాత్రి పడుకునే ముందు పక్క మీరు ఒకసారి చూడండి, ఏమైనా మిగిలిపోతే తీసేయండి.’ మూడో రోజుకి ఆవిడే పక్కింటి కోడలికి దిండు తీసేయమని చెబుతోంది.

ఊళ్లో ఉంటే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. అప్పుడు పెద్దావిడను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఎలా పడుకోబెట్టాలో ఆమె చేతే చెప్పించండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు కూడా అమ్మమ్మను తీసుకెళ్లండి.

9. బోర్లా పడిన రోజు

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య ఒక రోజు బిడ్డ తనంతట తను బోర్లా పడుతుంది. మనం బొబ్బట్లు చేసుకుంటాం. ఆ బొబ్బట్ల రోజునే రెండు పనులు చేయండి. పొత్తిగుడ్డ చుట్టడం పూర్తిగా ఆపేయండి, చేతులు కట్టేసి ఉంటే బోర్లా పడిన బిడ్డ మొహం ఎత్తుకోలేదు. నిజానికి తిరగడానికి నడుము తిప్పుతోందని కనిపించినప్పుడే ఆపాలి. రెండోది, ఎత్తు మంచం మీద, ఉయ్యాలలో వేయడం మానేయండి.

అప్పటి నుంచి కూడా పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలానే వేయాలి. అటూ ఇటూ రెండు వైపులా తనే తిరగగలిగిన బిడ్డ నిద్రలో బోర్లా పడితే రాత్రంతా లేచి తిప్పుతూ కూర్చోనక్కర్లేదు, పక్క మీద ఏమీ లేకపోతే చాలు.

ఊపిరిలో తేడా కనిపిస్తే

పెదాలు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, లేపినా లేవకపోయినా 108కి ఫోన్ చేయండి. బిడ్డ కదలిక లేకుండా, ఊపిరి లేకుండా ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి గట్టి నేల మీద వెల్లకిలా వేయండి. రెండు చేతులతో ఛాతీని పట్టుకుని, చనుమొనల గీతకి కాస్త కింద, ఎముక మధ్యలో రెండు బొటనవేళ్లతో నాలుగు సెంటీమీటర్ల లోతు వరకు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున నొక్కండి. 30 సార్లు నొక్కాక, మీ నోటితో బిడ్డ ముక్కూ నోరూ కలిపి మూసి రెండు సార్లు మెల్లగా ఊదండి. సాయం వచ్చేదాకా ఆపొద్దు. ఇది చదివి నేర్చుకునేది కాదు, డిశ్చార్జి రోజునే నర్సుని అడిగి ఇంట్లో ఇద్దరు నేర్చుకోండి.

ఇక అలమరలో పెట్టిన ఆ ఆవాల దిండు సంగతి. మొదటి పుట్టినరోజు దాకా దాన్ని తీయకండి, రెండేళ్ల దాకా లేకపోయినా ఏ లోటూ లేదు. తీసినప్పుడు ఆవాలన్నీ తీసేసి, లోపల పల్చగా దూది పరిచి కుట్టండి. మా అమ్మ కుట్టిన దిండు అలాగే మార్చాం, వాడు మూడో ఏట అదే పెట్టుకుని పడుకున్నాడు.